గీతగుణదోషగణనము

క్రొత్తగా వెలువడిన పాటల సంపుటిని విని, దాని మంచిచెడ్డలను వ్రాసి, తుదకొక యంకమును వేయుట నేఁటి పత్రికలయందును, అంతర్జాలమునందును బరిపాటియైనది. సినిమాపాటలకు "ఐదింట మూడుంబావు" అను తీర్పు చదువరులెల్లరకుఁ బరిచితమే. ఈ యాచారము పాశ్చాత్యులనుండి వచ్చినదనియు, సంగీతమునకుఁ దూనికఱాళ్లు లేవు గావున నిది యపచారమనియు మనలోఁ బలువురు తలంతురు. ఈ రెండభిప్రాయములును నిలువఁజాలవు. గీతమును లెక్కించి తీర్పుచెప్పుట మనకు మిక్కిలి ప్రాచీనము. మనము పోఁగొట్టుకొన్నది లెక్కను గాదు, లెక్కకుఁ గారణము చూపు పద్ధతిని. దీనినే యీ వ్యాసమున నిరూపింపఁ బ్రయత్నింతును.

ముందుగా రెండు శబ్దములు. విమర్శశబ్దము 'వి' పూర్వకమైన మృశధాతువువలనఁ బుట్టినది. ఆ ధాతువునకు స్పృశించుట యర్థము. వస్తువును ముట్టనిదే విమర్శ లేదన్నమాట. అంకమనఁగా గుర్తు. చంద్రునియందలి మచ్చయు నంకమే. విమర్శ లేని యంకము వట్టి మచ్చగా మిగులును.

భరతుని నాట్యశాస్త్రమున 27వ యధ్యాయము ప్రయోగసిద్ధిని గూర్చినది. ప్రయోగమును బరీక్షించువారికి భరతుఁడు ప్రాశ్నికులని పేరిడెను. వారు పదుగురు: యజ్ఞవేత్త, నర్తకుఁడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, అస్త్రవేత్త, చిత్రకారుఁడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుఁడు. ఎవరికిఁ దెలిసినదానియందు వారే ప్రమాణము. స్వరతాళములకు గాంధర్వుఁడు, వృత్తములకు ఛందోవేత్త, పాఠ్యమునకు వైయాకరణుఁడు తీర్పరులు. వీరికి లేఖకుఁడును, గణకుఁడును దోడుందురు. సిద్ధులను, ఘాతములను వ్రాసి లెక్కింతురు. లెక్కలో మించినవానికి రాజాజ్ఞచేఁ బతాక లభించును. ఇరువురు సమానులైనచో నిరువురకును బతాకయే.

ఘాతములు నాలుగువిధములు. గాలి, నిప్పు, వాన మున్నగువానివలనఁ గలుగునవి దైవఘాతములు. ఈర్ష్యాళువులు పేడయు మంటిబెడ్డలును విసరుట పరఘాతము. నటుఁడు తనంతఁ దాను జేయు తప్పు ఆత్మఘాతము. భూకంపాదులవలనిది ఉత్పాతఘాతము. దైవోత్పాతములవలనను, పరులవలనను గలిగిన దోషములను వ్రాయరాదని భరతుని శాసనము. ప్రయోగమునందును, ప్రయోక్తయందును బుట్టినవానినే లెక్కింపవలయును. ప్రేక్షకుల నవ్వులు, సాధువాదములు, పులకలు, లేచి నిలుచుట, వస్త్రములు విసరుట యను నవి మానుషసిద్ధులు. సందడి లేక, కలఁత లేక, రంగము నిండియుండుట దైవసిద్ధి. నేఁటి యూట్యూబునందు విన్నవారి లెక్కను జూపి పాట గెలిచినదందురు. భరతుఁడును నిండిన రంగమును లెక్కించెను గాని, దానికి నిశ్శబ్దమును జోడించెను.

గాయకునివంకకు వచ్చినచో శిక్షాగ్రంథములు తోడగును. పాణినీయశిక్ష పాఠకునకు మాధుర్యము, అక్షరస్ఫుటత, పదవిభాగము మొదలగు 6 గుణములను జెప్పి, 6 తెగల పాఠకాధములను బేర్కొన్నది. వ్రాఁతను జూచి చదువువాఁడును, అర్థ మెఱుఁగక చదువువాఁడును వారిలోనివారే. తెలుఁగు రాని గాయకులు తమ లిపిలో వ్రాసికొని తెలుఁగుపాట పాడు కాలమున నీ రెండు పేళ్లు ఎంత యుపయుక్తములో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. నారదశిక్ష గానమునకు 10 గుణములను, 14 దోషములను జెప్పినది. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువునందున్న శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున 25 గాయకదోషములను బేరుపేరునఁ జెప్పెను. అంతియకాక వాగ్గేయకారులను నుత్తమ మధ్యమాధములుగా విభజించి, విభాగమునకుఁ గారణమును జూపెను. ధాతు వనఁగా స్వరరచన, మాతు వనఁగా పదరచన. ధాతువు మిక్కుటమై మాతువు మందమైనచో మధ్యముఁడు. మాతువు రమ్యమైనను ధాతువు మందమైనచో నధముఁడు. ఒరుల ధాతువునకుఁ దన మాతువును దొడిగినవాఁడు కుట్టికారుఁడు.

ఈ గ్రంథమునకు 15వ శతాబ్దమునఁ గళానిధి యను వ్యాఖ్య వ్రాసిన కల్లినాథుఁడు విజయనగరమువాఁడు. ఆ హంపి మా విడపనకల్లునకుఁ బడమటిదిక్కునఁ గలదు. మా యూరు అనంతపురము జిల్లాకుఁ బడమటి సరిహద్దునొద్ద, బళ్లారికిఁ జేరువను ఉన్నది. 1882 వఱకు నీ జిల్లా బళ్లారి జిల్లాలోని భాగమే. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి మైసూరునకుఁ బోయినను, పాటకు సరిహద్దు లేర్పడలేదు.

ఆ బళ్లారియే తెలుఁగు నాటకమునకుఁ బుట్టినిండ్లలో నొకటి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) సుమనోరమ సభను నడపిరి. తెలుఁగు నాటకములలోఁ బాటలను బ్రవేశపెట్టినవారిలో రామకృష్ణమాచార్యులవారు ప్రముఖులు. ఒక్క యూర రెండు సభలున్నపుడు ప్రేక్షకుఁడే ప్రాశ్నికుఁడయ్యెను. ఆకాలపు రంగస్థలమున వ్యాపించిన పార్శీమట్లకుఁ దెలుఁగుమాటలు గూర్చిన కవులను, తరువాతఁ గాలమున హిందీ వరుసలకుఁ దెలుఁగుమాటలు గూర్చిన సినిమాకవులను శార్ఙ్గదేవుఁడు చూచినచోఁ గుట్టికారులనియే యుండును. ఈ పేరు నింద గాదు, వర్గము. ఒరుల వరుస యని తెలిసిన పిమ్మటఁ గవి మాతువును మాత్రము పరీక్షింపవచ్చును. వరుసవలని కీర్తిని, అపకీర్తిని అతనిపై మోపఁబనిలేదు.

1902లోఁ గలకత్తాయందు గ్రామఫోను కంపెనీవారు పాటలను ముద్రించుట యారంభించిరి. 78 పరిభ్రమణముల పలక యొక్కొక్క ప్రక్కను సుమారు మూఁడునిమిషముల పాట పట్టెడిది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి (1899–1935) నాటకపద్యములు ఆ పలకలమూలమున రంగస్థలము లేని పల్లెలకును బోయినవి. దీనివలన విమర్శకుఁ గలిగిన మార్పు గొప్పది. పూర్వము గానము వినఁబడి నశించెడిది. ఇపుడు ప్రాశ్నికుఁడు ఒకే గానమును బదిమాఱులు విని, తన తీర్పును దానే పరీక్షించుకొనఁ గలుగుచున్నాఁడు. గ్రంథమువలె గీతమును నిలుకడగల వస్తువైనది. భరతున కీ సాధనము లేదు. కావున నేఁటి విమర్శకుఁడు భరతునికంటె సూక్ష్మముగాఁ దీర్పు చెప్పఁదగినవాఁడు.

సీమలో నీ పలకల విమర్శకుఁ బ్రత్యేక పత్రిక 1923లోనే పుట్టినది. కాంప్టన్ మెకెంజీ స్థాపించిన 'గ్రామఫోన్' అను నది. అమెరికాయందు రాబర్ట్ క్రిస్ట్‌గావ్ 1969నుండి క్రొత్త సంపుటములకుఁ బాఠశాలలలోవలె అక్షరశ్రేణులను వేసెను. 1990ల నడుమఁ బుట్టిన 'పిచ్‌ఫోర్క్' పత్రిక సున్న మొదలు పదివఱకు దశాంశములతో నంకము వేసి పేరొందినది. 2001లోఁ బుట్టిన 'మెటాక్రిటిక్' పెక్కుమంది విమర్శకుల యంకములను గలిపి సగటు తీయుచున్నది. ఇట క్రమమును గమనింపుఁడు. మొదట విమర్శ, పిదప విమర్శతోడి యంకము, పిమ్మట నంకములకు సగటు. సగటునందు గాంధర్వుని మాట యేదియో, శబ్దవేత్త మాట యేదియో తెలియదు.

మన దేశమున లెక్క వేఱొకమార్గమున వచ్చినది. 1952 తరువాత బి.వి. కేస్కరుగారు మంత్రిగా నున్నపుడు ఆకాశవాణి కళాకారులను బరీక్షించి శ్రేణులుగా నేర్పఱచుట మొదలిడెను. గాయకుని మొగము గనక కంఠమును మాత్రము విని తీర్పు చెప్పు పద్ధతి యందుఁ గలదు. పరఘాతమును దొలఁగించుటకు నిది మంచి యుపాయమే. అయినను శ్రేణి తెలియునే గాని, యే దోషమువలన నా శ్రేణి వచ్చెనో లోకమునకుఁ దెలియదు.

తెలుఁగుపత్రికలలోఁ గారణముతోడి విమర్శకు లోటులేదు. కృష్ణాపత్రికలో 'సినిమా ఫ్యాన్' అను పేరఁ గమలాకర కామేశ్వరరావుగారు వ్రాసిన చిత్రసమీక్షలు ప్రసిద్ధములు. బాలాంత్రపు రజనీకాంతరావుగారి ఆంధ్రవాగ్గేయకారచరిత్రము 1958లో వెలువడి, పదకర్తలను జరిత్రక్రమమున నిలిపినది. వి.ఎ.కె. రంగారావుగారు వేలకొలఁది పాత పలకలను సేకరించి, పాటను, పాడినవారిని, వరుసను వేఱువేఱుగఁ దఱచిచూచి వ్రాసిరి. ఇవి యన్నియు నంకము లేక నిలిచిన తీర్పులే.

ఇఁక ఫలితము విచారింతము. పాఠశాలలయందుఁ బద్యపఠనపుఁ బోటీలు జరుగునపుడు మన పండితులు ఉచ్చారణకు, రాగమునకు, భావప్రకటనకు వేఱువేఱు గళ్లు గీసి మార్కులు వేయుదురు. ఓడిన బాలుఁడు వచ్చి యడిగినచో "నీవు శకటరేఫమును సాధురేఫముగాఁ బలికితివి" అని చూపఁగలరు. ఆ బాలుఁడు మఱుసటియేఁడు దిద్దుకొనఁగలఁడు. "మూడుంబావు" అను తీర్పు విన్న గాయకుఁడు దేనిని దిద్దుకొనవలయును?

ఈ ప్రశ్న పట్టణములలోని పెద్ద గాయకులకంటె మా మెట్టసీమవారికి ముఖ్యమైనది. ఇది వానలు మిక్కిలి తక్కువైన జిల్లా. ఏఁటికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. వేరుసెనగ విత్తి మొగులు వంకఁ జూచు రైతునకు దైవఘాతమన నేమో తెలియును. వాన రాక పంట పోయినచో సేద్యము చేతఁగాదని యతని నెవ్వరు ననరు. అట్లే చెక్కభజనయు, తత్త్వములును నేర్చిన పల్లెకంఠ మొకటి చేతిఫోనులోఁ బాటను బట్టి లోకమునకు విడిచినపుడు, గాలిహోరు, యంత్రపు లోపము, ముద్రణశాల లేమి దైవఘాతములే గాని యాత్మఘాతములు గావు. భరతుని ధర్మమున వానిని లెక్కింపరాదు. వేలరూపాయలు వెచ్చించి ముద్రించిన పాటతో దానిని నొకే గంటలోఁ దూఁచి, తక్కువ యంకము వేయుట యధర్మము. ఆ కంఠమునందు శ్రుతిభంగముగాని, అక్షరాస్ఫుటతగాని కలదేని పేరుపెట్టి చూపుట మాత్రము ధర్మము, దయయు.

కావున నంకమును మానుఁడని నేననను. లెక్క మన శాస్త్రమే. పాటల సంపుటిని బరీక్షించువారు ధాతువునకు, మాతువునకు, ఉచ్చారణకు, తాళమునకు వేఱువేఱు గళ్లు గీయవలయును. దోషమునకు శాస్త్రమునఁ గల పేరును జెప్పవలయును. వరుస యొరులదైనచోఁ గుట్టికారమని తెలుపవలయును. గాయకుని చేతిలో లేనిదానిని లెక్కనుండి తీసివేయవలయును. తనకుఁ దెలియనిదానియందుఁ దీర్పును దెలిసినవానికి విడువవలయును. భరతుఁడు పదుగురలో నొకనిగా శబ్దవేత్తకును బీట వేసెను. నేఁటి పాటల విమర్శలో నా పీట ఖాళీగా నున్నది. పాఠశాలాపండితులు తమ శిష్యులచేఁ గ్రొత్త పాట నొకదానిని వినిపించి, అంకము వేయకమునుపు దోషములను బేర్లతో వ్రాయించినచో నా పీటయం దొకనాఁటికిఁ గూర్చుండఁదగినవారు మన పల్లెలలోనే తయారగుదురు. విజ్ఞులు విచారింతురు గాక.