గుబ్బి ఏనుగులు, మన తెరలు

మన నాటక మండలి స్వర్ణోత్సవ సంచికకి యాభయ్యేళ్ల చరిత్ర రాయమంటే, ఈయన నూట నలభయ్యేళ్లు వెనక్కి పోతున్నాడేమిటని విసుక్కోకండి. కోలారు జిల్లాలో నాటకం గురించి ఎక్కడ మొదలుపెట్టినా దారి గుబ్బికే పోతుంది.

తుమకూరు పక్కన గుబ్బి అనే ఊళ్లో 1884లో పుట్టింది గుబ్బి నాటక కంపెనీ. మన తెలుగు సురభి నాటక కంపెనీకన్నా ఒక్క ఏడాది పెద్ద. గుబ్బి వీరన్న పసివాడిగా అందులో చేరి, 1917లో దానికే యజమాని అయ్యారు. 'సదారమె'లో దొంగ వేషంతో ఆయన జనాన్ని ఎంత నవ్వించారో పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. నాకు మాత్రం ఆ నటుడికన్నా లెక్కలు చూసుకున్న యజమానే ఆశ్చర్యం. 1934లో బెంగళూరులో 'కురుక్షేత్రం' ఆడినప్పుడు నిజం ఏనుగుల్ని, గుర్రాల్ని రంగం మీదికి తెచ్చారు. చప్పట్ల సంగతి అందరూ చెబుతారు. మేత ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు.

మన కురుక్షేత్రంలో ఏనుగు తెర మీది బొమ్మే. తెరలూ కిరీటాలూ అద్దెవి. వేషానికో రేటు: దుర్యోధనుడికీ కృష్ణుడికీ ఎక్కువ, ద్వారపాలకుడికి నామమాత్రం. డబ్బు కట్టినవాడికి గొంతు ఉండేది కాదు, గొంతు ఉన్నవాడి దగ్గర డబ్బు ఉండేది కాదు. ఈ ముడి విప్పలేక హార్మోనియం మేష్టరు నెత్తి పట్టుకునేవారు. కేజీఎఫ్ గనుల్లో పగటి షిఫ్టు దిగినవాళ్లు స్నానం చేసి రిహార్సలుకి వచ్చేవారు. ఎవరికైనా నైట్ షిఫ్టు పడితే ఆ రాత్రికి వాళ్ల పద్యాలు మేష్టరే పాడేసేవారు. 2001లో గనులు మూతపడ్డాక షిఫ్టుల గొడవ పోయింది, వేషగాళ్లూ పోయారు.

వీరన్నగారి దగ్గర పెరిగినవాళ్ల జాబితా రాస్తే సంచిక చాలదు. కంపెనీ నుంచి వచ్చిన రాజ్‌కుమార్‌ని హీరోగా పెట్టి 1954లో 'బేడర కణ్ణప్ప' సినిమా తీశారు. కథ మనదే, శ్రీకాళహస్తిది. అదే ఏడాది 'కాళహస్తి మహాత్మ్యం' అని తెలుగులోనూ వచ్చింది. రాజ్‌కుమార్ చేసిన తెలుగు సినిమా అదొక్కటే. మన కథ కన్నడం వెళ్లి, కన్నడ కన్నప్పని వెంటబెట్టుకుని తిరిగొచ్చిందన్నమాట. ఇల్లొదిలి వచ్చి కంపెనీలో చేరిన బి.వి. కారంత్ అనే కుర్రాణ్ణి వీరన్న చదువుకి కాశీ పంపించారు. ఆ కారంతే 1990లలో సురభివాళ్లకి 'భీష్మ', 'చండీప్రియ' నేర్పించారు. ఏడాది తేడాతో పుట్టిన ఆ రెండు కంపెనీలు అలా ఒక చోట కలిశాయి. 1972లో పోయిన వీరన్న అది చూడలేదు.

సంచికలో బొమ్మ వేయడానికి ఏదైనా పాత వస్తువు ఇవ్వమన్నారు. మేష్టరి నోటుపుస్తకం ఇచ్చాను. అట్ట మీద హార్మోనియం నూనె మరక, లోపల పద్యాలు, చివరి పేజీలో కిరీటాల అద్దె బాకీ. ప్రెస్సు కుర్రాడు తిరగేసి, "లిపి కన్నడం, చదివితే తెలుగు. ఏ భాషని రాయాలి సార్?" అన్నాడు. మేమంతా తెలుగు పద్యం కన్నడ అక్షరాల్లోనే నేర్చుకున్నాం నాయనా అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, బొమ్మ కింద 'నాటకం' అని రాసుకున్నాడు.