కంచు టోపీ కింద నాన్న

స్కేయన్ ద్వారం పక్కన గోడకి ఆనుకుని నిలబడు. ట్రాయ్‌లో గాలి ఎక్కువ, కళ్లల్లో దుమ్ము పడుతుంది, అయినా కదలకు. తలుపుల అవతల మైదానంలో గ్రీకులూ ట్రాయ్ వాళ్లూ పదో ఏడు కూడా కొట్టుకుంటూనే ఉన్నారు.

అడుగో, వీధిలోంచి గబగబా వస్తున్నవాడే ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్. ఒంటి మీద రక్తం, మట్టి. అమ్మ ద్రాక్షసారా ఇస్తే వద్దన్నాడు. ఇంటికెళ్తే భార్య లేదు. మనవాళ్లు ఓడిపోతున్నారని విని బురుజు దగ్గరికి పరుగెత్తిందట. ఇక మళ్లీ యుద్ధానికే బయల్దేరాడు.

అంతలో అతని భార్య ఆండ్రొమకీ ఎదురొచ్చింది. వెనక దాది, దాది గుండెల మీద చుక్కలాంటి పసివాడు. నాన్న వాడికి స్కమాండర్ ఏటి పేరు పెట్టుకున్నాడు. ఊరంతా మాత్రం ఆస్ట్యనాక్స్ అంటారు, ఊరికి రాజు అని.

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. ఆమె నాన్ననీ ఏడుగురు అన్నదమ్ములనీ గ్రీకు వీరుడు ఎకిలీస్ చంపేశాడు. అన్నదమ్ములైతే ఏడుగురూ ఒకే రోజున పోయారు. ఇక నాకు అమ్మా, నాన్నా, తోబుట్టువూ అన్నీ నువ్వే అంటోంది. అత్తిచెట్టు దగ్గర గోడ ఎక్కడానికి వీలుగా ఉంది, సైన్యాన్ని అక్కడ నిలబెట్టు అంటోంది. విన్నావా, అంత ఏడుపులోనూ ఎంత లెక్కగా చెబుతోందో! ఊరు కూలుతుందని హెక్టర్‌కీ తెలుసు. కానీ దాక్కుంటే జనం ముందు తలెత్తుకోలేనన్నాడు.

ఇప్పుడు పిల్లాడిని చూడు. నాన్న చేతులు చాచాడు. తల మీద కంచు తళుక్కుమంది, గుర్రపు వెంట్రుకల కుచ్చు ముందుకి ఊగింది. అంతే, వాడు కెవ్వుమని దాది గుండెల్లో మొహం దాచేసుకున్నాడు. అమ్మా నాన్నా ఇద్దరూ ఫక్కున నవ్వారు. హెక్టర్ ఆ కంచు టోపీ తీసి నేల మీద పెట్టాడు. అది అక్కడే మెరుస్తోంది. బిడ్డని ముద్దుపెట్టుకుని, చేతుల్లో ఎగరేసి ఆడించాడు. వీడు నాకంటే గొప్పవాడని జనం అనుకోవాలని దేవుళ్లకి మొక్కాడు.

పిల్లలకి ఈ యుద్ధం చెప్పే పెద్దలు, గ్రీకులు లోపల దాక్కుని ఊళ్లోకి వచ్చిన చెక్కగుర్రం దగ్గరికి తొందరపడతారు. ఈ యుద్ధం గురించిన 24 సర్గల గ్రీకు కావ్యం ఇలియడ్‌లో ఆ గుర్రం కథే లేదు, కావ్యం హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. నేను మాత్రం ఇప్పుడు మనం చూస్తున్న ఈ 6వ సర్గ దగ్గర ఆగి ఆగి చెబుతాను. నాన్న మొహం కనపడకపోతే ఎంత భయమేస్తుందో మూడేళ్ల పిల్లకీ తెలుసు. ఆ భయం పట్టుకుంటే యుద్ధమేమిటో వాళ్లకే అందుతుంది. హెక్టర్ తిరిగొస్తాడా అని అడిగితే రాడనే చెబుతాను.

బిడ్డని అందుకుంటూ ఆండ్రొమకీ కన్నీళ్లతోనే నవ్వింది. అతను కంచు టోపీ మళ్లీ తీసుకున్నాడు. ఆమె ఇంటిదారి పట్టింది, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ. గడపలో ఆమెని చూడగానే ఇంట్లో ఆడవాళ్లంతా హెక్టర్ పోయాడన్నట్టే ఏడుపు అందుకున్నారు. అతనింకా కోట ద్వారం దాటనేలేదు.