ఉద్యోగచింత – రాజకీయ చైతన్యం: మదరాసు నేర్పిన పాఠం

పట్టా చేతబట్టుకొని కుమారుడు ఇల్లు చేరిన నాడు తల్లిదండ్రులకు కలిగే ఆనందం కొద్ది దినముల ముచ్చట. ఆ పిదప "ఇక ఏమి చేయదలచినావు?" అన్న ప్రశ్న తలయెత్తుతుంది. ఆ ప్రశ్న ఇంటి గడప దాటి వీధికెక్కినప్పుడు చరిత్ర మలుపు తిరిగిన సందర్భాలు మన నగరంలోనే పలుమార్లు కలవు. మన పాఠశాల ప్లాటినమ్ జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ, ఆ మలుపులను ఒకమారు స్మరించుట ఉచితమని తలచి ఈ వ్యాసం సమర్పిస్తున్నాను.

మదరాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడినది. నాటి మదరాసు రాజధాని ఉత్తరాన గంజాము నుండి దక్షిణాన తిరునల్వేలి వరకు వ్యాపించి ఉండేది. కళాశాలలలో అధికభాగం దక్షిణ జిల్లాలలో ఉండుటచేత, ఉన్నత విద్య కోరిన తెలుగు విద్యార్థులెందరో చెన్నపట్టణం రావలసి వచ్చేది. చదువు ముగిసిన పిదప వారికి కనిపించిన ప్రధానమైన ఆధారం సర్కారు కొలువు. ఆ కొలువులలో, ముఖ్యంగా ఉన్నత పదవులలో, తెలుగువారు తమ జనసంఖ్యకు తగినట్లు లేరన్న అసంతృప్తి 20వ శతాబ్ది ఆరంభం నాటికి గుంటూరు, కృష్ణా, గోదావరి మండలాల యువకులలో బలపడినది. ఆ అసంతృప్తి చర్చలుగాను, పత్రికా రచనలుగాను రూపొంది, 1913లో బాపట్లలో బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతన జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు దారి తీసినది. కొండా వెంకటప్పయ్యగారి వంటి పెద్దలు దానికి దోహదం చేసినారు. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక మదరాసు నుండి దినపత్రికగా వెలువడి ఆ వాదాన్ని ఇంటింటికీ చేర్చినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1953లో ఆంధ్రరాష్ట్రం ఆ వృక్షానికి కాచిన ఫలాలు. విత్తనం మాత్రం పట్టభద్రుని నిరాశలోనే కలదు.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, అదే నగరంలో, అదే కాలంలో, అదే చింత వేరొక రాజకీయానికి కూడ జన్మనిచ్చినది. 1916లో పుట్టిన జస్టిస్ పార్టీ, సర్కారు కొలువులలో బ్రాహ్మణేతరులకు న్యాయమైన భాగం కావలెనని కోరినది. దాని ప్రముఖులైన పిట్టి త్యాగరాయశెట్టిగారు, పానగల్లు రాజావారు తెలుగువారే. పానగల్లు రాజావారి మంత్రివర్గ కాలంలో, 1921లో, వివిధ వర్గాలకు ఉద్యోగాలు పంచవలెనన్న ప్రభుత్వోత్తరువు వెలువడినది. ఒక యువకుడు తన లేమికి భాషాభేదం కారణమని భావించినాడు. మరొకడు కులభేదం కారణమని భావించినాడు. ఇరువురి చేతిలోను ఉన్నది ఒకే విశ్వవిద్యాలయం వారి పట్టా.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాటికి మన పాఠశాల పసిప్రాయంలో ఉన్నది. ఉద్యోగులు పలువురు కర్నూలుకు తరలిపోగా, ఇక్కడ నిలిచిన తెలుగు కుటుంబాలకు ఈ బడియే అండ అయినది. ఆ పిల్లలు కళాశాలలకు చేరిన కాలంలో, 1965 జనవరిలో, హిందీ ఏకైక అధికారభాష కానున్నదన్న వార్త తమిళ విద్యార్థులను వీధులకు తెచ్చినది. మాతృభాషాభిమానం ఆ ఉద్యమానికి ప్రాణమే. అయితే కేంద్ర ప్రభుత్వోద్యోగాల పరీక్షలలో హిందీ మాతృభాషగా కలవారికే మొగ్గు ఉంటుందన్న భయం దానికి బలాన్నిచ్చినది. తెలుగు విద్యార్థికి సైతం ఆ భయం పరాయిది కాదు. ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిగారు ఆంగ్లం కొనసాగునని ఫిబ్రవరిలో హామీ ఇవ్వవలసి వచ్చినది. 1967 ఎన్నికలలో ద్రావిడ మున్నేట్ర కళగం అధికారానికి వచ్చినది. విరుదునగరులో కామరాజుగారంతటి నాయకుని ఓడించినవాడు విద్యార్థి నాయకుడైన పి. శ్రీనివాసన్ అన్నది గమనింపదగినది.

హైదరాబాదులోను ఇదే కథ. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల ఉల్లంఘనపై 1952 సెప్టెంబరులో విద్యార్థులు ఉద్యమించగా, సిటీ కాలేజీ వద్ద జరిగిన కాల్పులలో ప్రాణనష్టం కలిగినది. 1969లో ఉస్మానియా విద్యార్థులు ప్రత్యేక తెలంగాణకై లేచినారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి పది స్థానాలు గెలిచినది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఈసారి కోస్తా, రాయలసీమల యువకులు జై ఆంధ్ర అన్నారు. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో స్థానిక రిజర్వేషన్లపై రాష్ట్రపతి ఉత్తరువు వచ్చినవి. అయినను చింత తీరలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన నాటికి నీళ్లు, నిధులతోపాటు నియామకాలన్న మాట ఆ ఉద్యమానికి మంత్రమై ఉండినది.

ఈ చరిత్ర చదివినవారికి రెండు సంగతులు తోచకమానవు. మొదటిది, ఉద్యోగం లేని యువకుడు పుట్టుకతో ఏ పక్షానికీ చెందినవాడు కాడు. తన బాధకు ఎవరు పేరు పెట్టి పిలిచితే వారి వెంట నడుస్తాడు. రెండవది, ఆ ఉద్యమాలు సరిహద్దులను మార్చినవి, పంపకాన్ని సరిదిద్దినవి. అది చిన్న విషయం కాదు. కాని పంచవలసిన కొలువుల సంఖ్య వాటివలన విశేషంగా పెరగలేదు. ఒకే విస్తరిని ఎంత న్యాయంగా పంచినను పంక్తిలో కూర్చున్న వారందరి ఆకలి తీరదు గదా!

నేటి మన పిల్లల చింత మరింత చిక్కైనది. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళం తప్పనిసరి అయినది. ఇక్కడి కొలువుకు తమిళం, బయటి కొలువుకు ఆంగ్లం కావలె; మరి తెలుగు ఎందుకన్న ప్రశ్న తల్లిదండ్రుల నోట వినవస్తున్నది. ఆ ప్రశ్నను తప్పుపట్టజాలము. ఉపాధి చూపనిదే భాషాభిమానం నిలువదని 1913 నాటి యువకులే మనకు తెలియజేసినారు. కనుక తెలుగుతోపాటు ఆ రెండు భాషలను దిట్టంగా నేర్పుట ఈ బడి తన ధర్మంగా భావించవలె.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే: కుమారుడో కుమార్తెయో రాజకీయం మాట్లాడినప్పుడు దానిని దారితప్పుటగా ఎంచవద్దు, ఆ మాటల అడుగున ఉన్న చింతను ముందుగా వినండి. ఉపాధ్యాయ మిత్రులు ఈ ఉద్యమాల చరిత్రను ఇరుపక్షాల వాదాలతో సహా బోధింతురు గాక. ఇక పూర్వ విద్యార్థులమైన మనము, మన మన కార్యాలయాలలో, దుకాణాలలో, కర్మాగారాలలో ఈ బడి పిల్లవానికి పని నేర్చుకొనే అవకాశం ఏటేటా ఒక్కటి కల్పించగలిగితే, ఈ ఉత్సవం చేసుకొన్నందుకు సార్థకత చేకూరుతుంది.