‘తుపాకీ ఉందిగా!’

హేతువాదినని చెప్పుకుంటూ ఈ తుపాకుల ఆటలేమిటని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. ఆడతాను, దాచుకునేదేం లేదు. పైగా నేను ఎక్కువగా ఆడే ఆటను తయారుచేసిన కంపెనీ పేరు ‘ఇర్రేషనల్ గేమ్స్’. మిత్రుడు ఇంకో వారం నవ్వుకోవడానికి ఇది చాలు.

ఆట పేరు స్వాట్ 4. 2005లో వచ్చింది, పాతదే. ఐదుగురు పోలీసుల దళానికి మీరు నాయకుడు. తలుపు కింద నుంచి సన్నటి కెమెరా గొట్టం దూర్చి లోపల ఎవరున్నారో చూడాలి. లోపలికి వెళ్ళగానే చేతులెత్తమని అరవాలి. లొంగినవాడికి బేడీలు వేయాలి. కింద పడ్డ ప్రతి తుపాకీనీ సాక్ష్యంగా భద్రపరచాలి. ఎవరు పట్టుబడ్డా, ఎవరు చచ్చినా వైర్‌లెస్‌లో పైవాళ్ళకు చెప్పాలి. చివర్లో నూటికి మార్కులు. అన్నిటికంటే కష్టమైన స్థాయిలో 95 రాకపోతే తర్వాతి కేసుకి పోనివ్వదు.

ఒక రాత్రి నోయిడాలో మా ఇంట్లో మేనల్లుడు పక్కన కూర్చుని చూస్తుండగా, తుపాకీ పట్టుకుని నిలబడ్డ ఒకణ్ణి కాల్చేశాను. ఆట ముగిశాక మార్కులు కోసేశారు. కారణం: అనుమతి లేని ప్రాణాంతక బలప్రయోగం.

“అదేంటి, వాడి చేతిలో తుపాకీ ఉందిగా!” అన్నాను.

“ఉంది మావయ్యా. కానీ నీ మీదికి ఎత్తలేదుగా. నువ్వు అరవను కూడా లేదు.”

ఇరవై ఏళ్ళుగా బాబాల్నీ జ్యోతిష్కుల్నీ “నీకెలా తెలుసు?” అని అడుగుతున్నవాణ్ణి. కుర్రాడి ముందు నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆట వంశవృక్షం కూడా చిత్రమైనదే. సియెర్రా కంపెనీ ‘పోలీస్ క్వెస్ట్’ వరుసలో 1993లో ‘ఓపెన్ సీజన్’ అనే ఆటను డారిల్ గేట్స్ పేరు మీద విడుదల చేసింది. 1978 నుంచి 1992 దాకా లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి ఆయన. స్వాట్ దళాల రూపకల్పనలో ఆయన పేరే ముందు చెబుతారు. 1991 మార్చి 3న రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసులు చావబాదింది ఆయన హయాంలోనే. దాన్ని ఒకాయన తన బాల్కనీ నుంచి వీడియో తీశాడు. లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్ 29న రాష్ట్ర కోర్టు జ్యూరీ ఒక్కరిని కూడా దోషిగా తేల్చలేదు. నగరం తగలబడింది. ఆ తర్వాత ఫెడరల్ కోర్టులో నలుగురిలో ఇద్దరికి శిక్ష పడింది. అలాంటి అధికారి పేరుతో మొదలైన వరుసలోని నాలుగో స్వాట్ ఆట “ముందు అరిచావా, లేదా?” అని లెక్క అడుగుతుంది. గేట్స్ మారాడని కాదు, ఆట రాసినవాళ్ళు వేరు.

ఇక మన ఊరి సంగతి. ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళం కన్నాట్ ప్లేస్ దగ్గరి బారాఖంబా రోడ్డు మీదుగా ఎన్నిసార్లు తిరిగి ఉంటామో. 1997 మార్చి 31న అదే రోడ్డు మీద క్రైమ్ బ్రాంచి పోలీసులు ఒక నీలం మారుతీ ఎస్టీమ్ కారును చుట్టుముట్టి కాల్చారు. లోపల ఉన్నది యాసీన్ అనే నేరస్థుడని వాళ్ళ నమ్మకం. చనిపోయింది ఇద్దరు వ్యాపారులు. మూడో మనిషి గాయాలతో బతికాడు. కారులోంచి ముందు కాల్పులు జరిగాయని, అందులో పిస్తోలు కూడా దొరికిందని పోలీసులు చెప్పారు. సీబీఐ దర్యాప్తు చేసింది. ఆ పిస్తోలు తర్వాత పెట్టినదేనని తేలింది. ఏసీపీతో సహా పదిమంది పోలీసులకు 2007లో యావజ్జీవం పడింది. 2009లో హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేశాయి. ఆటలో పడి ఉన్న తుపాకీని తీసుకోకపోతే మార్కులు పోతాయి. బారాఖంబా రోడ్డులో లేని తుపాకీని తెచ్చి పెట్టారు.

సరిగ్గా దానికి రెండు రోజుల ముందు, 1997 మార్చి 29న, జాతీయ మానవ హక్కుల కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ ఒక లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ చావుల్లో పోలీసులకు ప్రత్యేక హక్కేమీ లేదు, ఆత్మరక్షణ అంటే దర్యాప్తులో తేలాలి అన్నది దాని సారం. ఆ లేఖకు మూలం ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం మన రాష్ట్రంలోని ఎన్‌కౌంటర్ల మీద చేసిన ఫిర్యాదు. (రెండు రోజుల తేడాలో ఏదో సంకేతం ఉందని నమ్మేవాళ్ళు ఉంటారు. కాకతాళీయం, అంతే.) 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. అలాంటి ప్రతి చావుకూ ఎఫ్ఐఆర్ పెట్టాలని, ఆత్మరక్షణ అనే వాదనను విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలు నిలిపేసింది. 2014 సెప్టెంబరు 23న తానే 16 మార్గదర్శకాలు ఇచ్చింది.

వీటన్నిటి సారం హేతువాదులకు కొత్త కాదు. చెప్పినవాడే రుజువు చెయ్యాలి. విభూతి తీశానన్నవాడైనా సరే, ఎదురుకాల్పులు జరిగాయన్నవాడైనా సరే.

అయితే 2019 డిసెంబరు 6 పొద్దున హైదరాబాదు దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపినప్పుడు, జనం పోలీసుల మీద పూలు చల్లినప్పుడు, మన మిత్రుల్లోనే కొందరు ఫోన్లు చేసి సంబరపడ్డారు. దారుణంగా చంపబడ్డ ఆ అమ్మాయి గురించి అందరికీ కడుపు మండింది, నిజమే. ‘తుపాకులు లాక్కున్నారు, అందుకే కాల్చాం’ అన్న ప్రకటనను ఒక్కరూ ప్రశ్నించలేదు. నేనూ ఆ పొద్దున నోరు విప్పలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. అది చదివాకే నేను మాట్లాడాను. అప్పటికి మాట్లాడటంలో ధైర్యమేముంది?

“మావయ్యా, ఆటే కదా, రీస్టార్ట్ కొట్టు” అంటాడు మావాడు. నిన్న రాత్రి మళ్ళీ ఆడాం. ఈసారి ప్రతి తలుపు దగ్గరా గొంతు పోయేలా అరిచాను, ఎవర్నీ చంపలేదు. అయినా 95 రాలేదు. సోఫా వెనక పడ్డ ఒక తుపాకీని ఏరడం మరిచిపోయానట.