జేబుకు తగ్గట్టు చెక్కిన తుపాకీ

1950 అక్టోబరులో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పోలీసు అధిపతుల మహాసభ జరిగింది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ అక్కడికి ఓ చిన్న రివాల్వర్ తెచ్చింది. దానికింకా నామకరణం కాలేదు. పేరు మీరే పెట్టండని అధిపతులను అడిగితే, తమ హోదానే ఇచ్చారు: చీఫ్స్ స్పెషల్. ఇవాళ అక్కడ దుస్తుల మాటున పెట్టుకునే రివాల్వర్ కావాలంటే దుకాణదారు ముందుగా తీసి చూపించేది చాలాసార్లు ఆ వంశంలోదే.

దాచుకునే ఆయుధానికి దర్జీ లెక్కలే కొలమానం. ఆరు తూటాలు పడితే సిలిండర్ లావెక్కి జేబు ఉబ్బుతుంది. అందుకే ఒక గది తీసేసి ఐదుతో సరిపెట్టారు. తూటా మాత్రం అప్పట్లో పోలీసులు వాడిన .38 స్పెషలే. దానికి పాత చిన్న చట్రం పొడవు చాలకపోతే, కాస్త సాగదీసి కొత్తది చేశారు. జే ఫ్రేమ్ అంటే అదే.

అంతకుముందు 1927లో కోల్ట్ కంపెనీ డిటెక్టివ్ స్పెషల్ తెచ్చింది. రెండంగుళాల గొట్టం, ఆరు తూటాలు. ఆ కంపెనీలోనే పనిచేసిన ఫిట్జ్‌గెరాల్డ్ ఇంకా తెగించాడు. గొట్టం కురచ చేశాడు, హ్యామర్ కొమ్ము కోసేశాడు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ ముందు భాగాన్ని కూడా తొలగించాడు. తొందరలో బయటికి లాగేటప్పుడు గుడ్డకు తట్టుకునేవి ఇవేగా! కానీ ఆ కమ్మీ ఉన్నది పొరపాటున వేలు పడకుండా కాపాడటానికి. దాన్ని కోసేయడం నా దృష్టిలో ప్రమాదాన్ని జేబులో వేసుకోవడమే.

గుడ్డకు తట్టుకునే ఆ చిక్కును స్మిత్ అండ్ వెసన్ 1887లోనే ఎంతో తెలివిగా విప్పింది. హ్యామర్‌ను చట్రం లోపలే దాచేసింది. పిడి వెనకున్న పట్టీని అరచేత్తో గట్టిగా నొక్కితే తప్ప అది పేలదు. జనం దాన్ని నిమ్మకాయ పిండేది అని పిలుచుకున్నారు. తర్వాత 1952లో, కంపెనీ నూరేళ్ల గుర్తుగా, సెంటెనియల్ పేరుతో ఆ పద్ధతే జే ఫ్రేమ్‌లోకి తిరిగొచ్చింది.

తేలిక కోసం అల్యూమినియం చట్రాలూ వచ్చాయి. కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు. బరువు తగ్గేకొద్దీ పేలినప్పుడు చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. గొట్టం కురచైతే గురి కుదరడం కష్టం. చేతికి ముద్దుగా అమరే ఈ తుపాకీకి అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాలి. దుకాణంలో ఆ మాట చెప్పకుండా అమ్మడం అన్యాయం.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1987లో చేసిన చట్టం, అర్హతలున్న వారందరికీ తుపాకీ దాచి తీసుకెళ్లే లైసెన్స్ ఇవ్వాల్సిందేనంది. అనేక రాష్ట్రాలు ఆ దారిన నడవడంతో ఇలాంటి తుపాకీకి గిరాకీ పెరిగింది.

మన దేశంలో లైసెన్స్ దొరకడమే గగనం. అయినా 2014లో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమంటూ నిర్భీక్ తెచ్చింది. .32 బోరు, అర కిలో బరువు, అప్పట్లో ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. ఢిల్లీ బస్సులో అత్యాచారానికి బలైన నిర్భయ గుర్తుకొచ్చే ఆ పేరు వింటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది. రాత్రి బస్సులో ఒంటరిగా ఇల్లు చేరే అమ్మాయి అంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తుంది?