మోటారు జబ్బును కనిపెట్టే విద్య

సీతంపేట కొండలకు పడమరగా, ఇవే తూర్పు కనుమలలో, ఆంధ్ర, ఒడిశాల సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని ప్రారంభించింది. కరెంటు వెళ్లిన చోటికల్లా మోటార్లు వెళ్లాయి. వాటితోపాటు వాటి జబ్బులూ వెళ్లాయి. ఆ జబ్బులను కనిపెట్టగల ఇంజనీర్లు అవసరమయ్యారు. 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, అనగా నేటి ఎన్.ఐ.టి., వెలసింది.

ఈ విద్య అంతకు చాలా ముందే పుట్టింది. 1888లో టెస్లా ఇండక్షన్ మోటారుకు పేటెంటు పొందగా, మరుసటి ఏడే ఇంగ్లండులో ఎవర్షెడ్ ఇన్సులేషనును పరీక్షించే పరికరాన్ని రూపొందించాడు. 1903లో దానికి ‘మెగ్గర్’ అని పేరు వచ్చింది. వైండింగుకూ ఇనుప చట్రానికీ మధ్య ఇన్సులేషను చెడితే అది చెప్పేస్తుంది.

అయితే కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టించినంత మాత్రాన వైద్యం ముగియదు. మూడు ఫేజులలో ఒకటి పోయినా, బేరింగు అరిగిపోయినా మోటారు వేడెక్కుతుంది. కారణం తెలియక చుట్టించినది మళ్లీ కాలుతుంది. కనుక ముందు సరఫరా, తరువాత ఇన్సులేషను, పిమ్మట బేరింగులు చూచి, చివరకే మోటారు విప్పాలని విద్యార్థికి నేర్పాలి. నేడు కరెంటు తరంగాన్ని పరిశీలించి, విరిగిన రోటరు కడ్డీలను విప్పకుండానే పసిగడుతున్నారు. ఐనా మాడు వాసన పట్టే ముక్కునూ, తేడా శబ్దం వినే చెవినీ తీర్చిదిద్దే గురువు విలువ తగ్గలేదు. చేనుకు నీరు కావలసిన వేళ మోటారు ఆగితే నష్టపోయేది రైతే గదా!