పాఠశాలలో బైబిలు: గాజుల లక్ష్మీనరసు శెట్టి విన్నపము

మతవిశ్వాసము హృదయమునందున్నంతవరకు ఎవరికిని బాధకము గాదు. అది రాజముద్ర ధరించినపుడే చిక్కు లేర్పడును. బైబిలులోని ప్రతి యక్షరమును ప్రమాణమని నమ్మి, సంఘమును రాజ్యమును దానికి లోబడవలెననువారిని నేడు క్రైస్తవ ఛాందసవాదులందురు. ఆంగ్లమున వారికి పేరు తెచ్చినవి 1910-15 నడుమ అమెరికాలో వెలువడిన కొన్ని గ్రంథములు. కాని దాని పూర్వరూపము అంతకు నూరేండ్ల క్రిందటనే దక్షిణదేశమును తాకినది. దాని నెదుర్కొన్నవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడగుట మనకు స్మరణీయము.

ఈస్టిండియా కంపెనీవారు వ్యాపారమునకు భంగము కలుగునని మొదట మిషనరీలను అంతగా రానీయలేదు. విల్బర్‌ఫోర్సు, చార్లెస్ గ్రాంటు మున్నగువారి పట్టుదలవలన 1813 నాటి చార్టరు చట్టము వారికి ద్వారములు తెరచెను. లండను మిషనువారు 1820లో మన బెంగుళూరునకును వచ్చిరి. క్రమముగా ఈ యుత్సాహము దొరలలోను ప్రబలెను. హిందూ ఉత్సవములకు సైనికులచే మర్యాదలు చేయించుటకు సమ్మతింపక, మదరాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్లాండు 1838లో పదవినే విడిచెను. ఆనాడు బెంగుళూరు దండులోని పటాలములు ఆ సేనకు చెందినవే.

1846లో మదరాసు గవర్నరు ట్వీడ్‌డేల్ ప్రభువు ప్రభుత్వ పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగా నుంచవలెనని ప్రతిపాదించెను. క్రైస్తవమతము పుచ్చుకొన్నవానికి పిత్రార్జితమున భాగము నిలుచునట్లు శాసనము చేయు యత్నమును అప్పుడే సాగుచుండెను. చెన్నపట్టణపు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806-1868) అంతకుముందే, 1844లో, ‘క్రెసెంటు’ అను ఆంగ్లపత్రికను స్థాపించియుండెను. ఆయన ప్రోత్సాహమున 1846 అక్టోబరులో పౌరులు సభ చేసి, సుమారు 12,000 మంది సంతకములతో కంపెనీ డైరెక్టర్లకు విన్నపము పంపిరి. డైరెక్టర్లు బైబిలు ప్రతిపాదనను త్రోసివేసిరి. 1852లో ఆయన మదరాసు స్వదేశీయుల సంఘమును స్థాపించి, శిస్తు వసూలులో రైతులు పడు చిత్రహింసలను పార్లమెంటువరకు వినిపించెను. ఆ హింసలు నిజమేయని 1855 నాటి విచారణసంఘపు నివేదిక తేల్చెను.

అయినను చరిత్రను ఒక కంటితో చూడరాదు. మతము మారినవాని ఆస్తిహక్కును శెట్టిగారి వర్గము వ్యతిరేకించినను 1850లో చట్టమై నిలిచెను. నేటి దృష్టికి అది న్యాయమే. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువపని కుదుర్చుకొని వేలమందికి కూలి, కూడు చూపెను. 1878 జూలైలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలు. మన వీథులలో చోటు దొరకనివారికి అచ్చట పేరు, అక్షరము దొరకినవి. వారి విశ్వాసమును నిందించుటకు మన కధికారము లేదు. ఆక్షేపింపదగినది విశ్వాసము గాదు, దానికి వెన్నుగాచు రాజదండము.

1858లో రాణీ ప్రకటన మతవిషయములలో జోక్యము చేసికొనమని పలికెను. 1950 నాటి రాజ్యాంగము 25వ అధికరణమున మతస్వేచ్ఛ నిచ్చి, 28వ అధికరణమున ప్రభుత్వధనముతోనే నడచు విద్యాలయములలో మతబోధ కూడదనెను. శెట్టిగారి విన్నపములోని సారము దానిలో కలదు.

కన్నడదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది పరాయికథ గాదు. తమిళుల నడుమ నివసించిన ఆ తెలుగువాడు తనవారి కొరకే గాక ఊరందరి కొరకును వ్రాసెను. కాగితముల నడుమ జీవితము గడపిన నావంటివానికి ఒకటి తోచును: కత్తి పట్టక, కోవెలనుగాని చర్చినిగాని దూషింపక, సంతకములతో సాధించినదే చిరకాలము నిలుచును. ఏ మతమువారు రాజదండమును కోరినను, మన సమాధానము ఆ విన్నపమే కావలయును.